బండి లేని పిల్లోడు

టిన్ ఫ్యాక్టరీ కాడ, ఫ్లైఓవర్ నీడలో నా షాపు.
షాపంటే ఒక కంప్రెసరు, ఒక నీళ్ల తొట్టి,
నిలబెట్టిన లారీ టైరు మీద తెల్ల పెయింటుతో పంక్చర్ అనే మాట.
తెలుగులో రాసింది నేను.
కన్నడంలో రాసింది నందీశ.

వాడి సంగతే చెప్తా ఉండేది.

మొదట వచ్చినప్పుడు పద్మూడేండ్లుంటాయేమో.
"దస్తగిరన్నా, ఒక సొల్యూషన్ ట్యూబు."
బండేదిరా అంటే ఇంట్లో ఉందనె.
సైకిలా? మోటారా?
ఒక్క గడియ ఆగినాడు.
ఆ ఆగడం నా చెవిన పడింటే బాగుండు.
ఇరవై రూపాయలు. గల్లాపెట్టెలో ఏసుకుంటి.

ఆ వారంలో ఇంకా ముగ్గురొచ్చినారు.
ఒక్కడికీ చక్రం లేదు.
"ఇంత సొల్యూషన్ కొంటారు, ఒక్కడన్నా ప్యాచీ అడగడే" అని
ఇంట్లో మాబున్నితో చెప్పి నవ్వితి.
ఆమె నవ్వలే.
"మెట్రో పిల్లర్ ఎనక పోయి చూడుపో" అనె.

పోయి చూస్తి.
నలుగురు పిల్లోళ్లు నందిని పాల కవర్లలో మూతులు పెట్టుకొని.
కవరు ఉబ్బుతాంది, అణుగుతాంది,
ఉబ్బుతాంది.
ఇరవై రెండేండ్లు ట్యూబులకు గాలి పట్టినోన్ని,
గాలి సంగతి నాకు తెల్సనుకుంటి.

నందీశ నా పక్క చూసి నవ్వినాడు.
నా ఎనక ఎవురన్నా ఉండారేమోనని
నేను తిరిగి చూసినా.

ఆ రాత్రి గల్లా లెక్కపెడితే
ఏ ఇరవై ఎవురిదో నోటు మీద రాసి లేదు.

తెల్లారి మహదేవపుర దాకా నడిచి
దావలో ఉండే షాపులన్నీ తిరిగినా.
"టైరు చూపిస్తేనే ట్యూబు. ఒప్పుకుంటారా?"
మలయాళం కాకా కుంజహమ్మద్ టీ తాపి మరీ ఒప్పుకునె.
ఇంకొకడు, పేరు చెప్పను,
"నువ్వు అమ్మకపోతే నేను అమ్ముతా,
నేను అమ్మకపోతే హార్డ్‌వేర్ శెట్టి అమ్ముతాడు, పో" అనె.
వాడి మాటలో అబద్ధం లేదు. అదే నా బాధ.

నందీశ వచ్చినాడు. లేదంటి.
తిట్టినాడు. రాయి ఏసినాడు.
కంప్రెసరు మీటరు అద్దం ఇప్పటికీ పగిలే ఉండాది.
మూడోనాడు రాయి లేకుండా వచ్చి
తొట్టి పక్కన కూలబడె.
ఏం తిన్న్యావురా అంటే జవాబు లేదు.
మాబున్ని కట్టిచ్చిన సద్దిలో సగం వాడికి పెట్టి,
చేతికి ఒక ట్యూబిచ్చినా.
"ముంచు. బుడగ యాడ లేస్తే ఆడ ఏలు పెట్టు."

పెట్టినాడు.
నేను బయటికి తీయబోతే
"ఇంకొకటుంది అన్నా" అనె.
సన్నది, ఆవగింజంత బుడగ.
నేనైతే ఒకటి చూసి ఆపేసేటోన్ని.

ట్యూబు తిప్పుతా తిప్పుతా మాట్లాడినాడు, నీళ్లతో మాట్లాడినట్లు.
వాళ్లమ్మ హూడిలో సెంట్రింగ్ పనికి ఆరుకే పోతాదంట.
బడిలో కన్నడం రాక ఎనక బెంచీలో కూచోబెడితే
నేర్చుకున్న్యాక గూడా ఎనకనే ఉంచినారంట.
మొదటి కవరు ఎవురిచ్చిరి అంటే,
ఆ పొద్దు వాన, నీళ్లు చల్లగా ఉండె అని
ఇంకేదో చెప్పినాడు.

ఇప్పుడు ముంచే పని వాడిది, అంటించే పని నాది.
సొల్యూషన్ డబ్బా తాళంలో ఉంటాది.
నేను మూత తీసినప్పుడు
వాడు లేచి గాలికి ఎదురు పక్కకు పోయి నిలబడతాడు.
చెప్పకుండానే.
నడుమ పదకొండు రోజులు రాలే.
యాడికి పోయినావని అడగలే, తొట్టిలో నీళ్లు మార్చి పెట్టినా.

నిన్న సాయంత్రం, బస్సులు కదలకుండా నిలిచిన పొద్దులో
పదేండ్ల పిల్లోడొకడు వచ్చె.
"అంకుల్, ఒక సొల్యూషన్."
నేను లారీ నట్టు ఇప్పుతా ఉండా, రెండు చేతులూ గ్రీజు.
నందీశ లేచినాడు.
"బండేదిరా?"
"ఇంట్లో."
"సైకిలా? మోటారా?"

పిల్లోడు ఆగినాడు.
నందీశ గూడా ఆగినాడు.

నేను తల ఎత్తలే.
తొట్టి పక్కన ఇంకో స్టూలు జరిపిన చప్పుడు మాత్రం ఇంటి.